కోసు, ఆమడ, యోజనం: పాత దూరాన్ని ఇప్పటి మ్యాపు మీద పెట్టాలంటే ఏ లెక్క పట్టుకోవాలి

పోయిన దసరాకి మా చిన్నాయన ఇంటికి పోతే ఆయన బీరువాలోంచి ఒక పాత చిట్టా పుస్తకం తీసి చేతిలో పెట్టారు. మా ముత్తాత ఎడ్లబండి మీద మిరపకాయలు, కందులు తోలుకుపోయే రోజుల్లో రాసుకున్న లెక్కలవి, సగం పేజీలు పురుగు తినేసింది గానీ ఊళ్ళ పేర్లు, వాటి పక్కన కోసుల లెక్క మాత్రం బాగానే కనపడుతున్నాయి. పట్నం నుంచి (మా వైపు హైదరాబాద్‌ని ఇప్పటికీ పట్నమే అంటారు) ఫలానా ఊరికి ఇన్ని కోసులు అని వరసగా ఉన్నాయి, మధ్యలో ఒక చోట "సరాయి బావి, పట్నం నుంచి 11 కోసులు" అని ఉంది, ఎడ్లకి నీళ్ళు పెట్టే చోటంట, అది ఎక్కడుందో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలీదు.

చిన్నాయన వెంటనే "కోసంటే రెండు మైళ్ళే కదరా, ఫోన్ల కొట్టి చూడు" అన్నారు. వాళ్ళబ్బాయి నెట్‌లో వెతికి అక్బర్ కోసు 4.2 కిలోమీటర్లని చదివి వినిపించాడు. రెండూ వేసి చూశాం, మొదటి లెక్కకి బావి 35 కి.మీ. దగ్గర, రెండో లెక్కకి 46 కి.మీ. దగ్గర వచ్చింది. మధ్యలో 11 కి.మీ. తేడా అంటే రెండు మండలాలు వచ్చేస్తాయి, అట్లా వెతికితే ఎప్పటికి దొరుకుతుంది చెప్పండి.

అక్కడి నుంచి నేను ఈ విషయం పట్టుకుని చాలా రోజులు కూర్చున్నా. నాలాగే పాత దస్తావేజులు, శాసనాలు, యాత్రికుల రాతలు, తాతల చిట్టాలు చేతిలో పెట్టుకుని "దీన్ని గూగుల్ మ్యాప్ మీద ఎట్లా పెట్టాలి" అని చూసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నాకు అర్థమైన అసలు సంగతి ముందే చెప్పేస్తా: కోసుకి ఒకే విలువ అనేది లేదు, కాబట్టి టేబుల్‌లో వెతకడం కంటే మీ కాగితంలోనే వెతకండి, అందులో ఇప్పటికీ మనకి తెలిసిన రెండు ఊళ్ళ దూరం ఒక్కటి దొరికినా అదే మీ కొలబద్ద. మిగతావన్నీ దాని తర్వాతే. ఎందుకు అంటున్నానో ఒక్కో దారీ చూస్తే తెలుస్తుంది.

నెట్‌లో దొరికే టేబుల్ విలువ

కోసు అంటే 2 మైళ్ళు, ఆమడ అంటే 8 మైళ్ళు, ఇంకొకరు అడిగితే ఆమడ 10 మైళ్ళు, ఇట్లాంటివి. పిల్లలకి కథ చెప్పేటప్పుడు, సామెత అర్థం చెప్పేటప్పుడు ఇది చాలు. ఆమడ దూరం అంటే చాలా దూరం అని అర్థమైతే చాలు కదా, అక్కడ మీటర్లు ఎవరికి కావాలి. మ్యాపు మీద చుక్క పెట్టాలంటే మాత్రం దీన్ని ముట్టుకోకండి.

అసలు కోసు అనే మాట ఎట్లా పుట్టిందో చూస్తేనే సంగతి తెలుస్తుంది. సంస్కృతంలో క్రోశం అంటే కేక. కేక వేస్తే వినపడేంత దూరం. దీనికే ఇంకో పేరు గోరుతం, అంటే ఆవు అరుపు వినపడే దూరం. మనం తెలుగులో ఇప్పటికీ "కూతవేటు దూరం" అంటాం, అదే ఆలోచన. పుట్టుకే అట్లాంటిది, కేక అడవిలో ఒకలాగా బయలు మీద ఒకలాగా వినపడుతుంది, తర్వాత రాజులొచ్చి దాన్ని గజాలతో కట్టారు, ఒక్కో రాజు ఒక్కోలాగా కట్టాడు.

చిన్న కొలత నుంచి పైకి కట్టుకుంటూ పోవడం

ఇది చదువుకున్నవాళ్ళకి బాగా నచ్చే పద్ధతి, నాకూ మొదట్లో ఇదే నచ్చింది. 8 యవల (బార్లీ గింజల) మందం ఒక అంగుళం, 24 అంగుళాలు ఒక హస్తం అంటే మన మూర, 4 హస్తాలు ఒక ధనుస్సు అంటే 96 అంగుళాలు, ధనుస్సులు ఇన్ని అయితే క్రోశం, 4 క్రోశాలు యోజనం. వినడానికి ఎంత శుభ్రంగా ఉందో. ఇక్కడ అంగుళం అంటే ఇప్పటి ఇంచ్ కాదు, వేలి వెడల్పు, దాన్ని 1.7 నుంచి 2 సెంటీమీటర్ల దాకా రకరకాలుగా తీసుకుంటారు. 1.9 అనుకుంటే ధనుస్సు 1.82 మీటర్లు, దాదాపు మన ఆరడుగుల మనిషి ఎత్తు.

కానీ క్రోశానికి ఎన్ని ధనుస్సులు? కొన్ని చోట్ల 1000, కొన్ని చోట్ల 2000. ఒక్క ఈ మాట మీదే క్రోశం 1.8 కి.మీ. అవుతుంది లేదా 3.65 కి.మీ. అవుతుంది, యోజనం 7.3 అవుతుంది లేదా 14.6 అవుతుంది. అంగుళం దగ్గర మనం మిల్లీమీటర్ల కోసం కొట్టుకుంటూ ఉంటే పైన సరిగ్గా రెండింతలు తేడా కూర్చుని ఉంది. కాబట్టి మీ గ్రంథమే తన కొలత తాను చెప్పుకుంటే, ఆ గ్రంథంలోని దూరాలకే ఇది వాడండి, వేరే కాలం నుంచి వేరే పుస్తకం నుంచి నిర్వచనం అరువు తెచ్చుకోవద్దు. చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ 7వ శతాబ్దంలో మన వేంగి, ధాన్యకటకం వైపు కూడా తిరిగాడు కదా, ఆయనే యోజనం గురించి రాస్తూ పాత లెక్కలో 40 లీలు (లీ అంటే చైనావాళ్ళ దూరం కొలత) అని, జనం వాడుకలో 30 అని, ధర్మగ్రంథాల్లో 16 అని మూడు చెప్పాడు. ఆ కాలంలో ఉన్న మనిషికే మూడు కనపడ్డాయంటే 1400 ఏళ్ళ తర్వాత మనం ఒకటే పట్టుకుని కూర్చోవడం ఎంతవరకు సరైనదో చూస్కోండి.

భూమి చుట్టుకొలతతో భాగించడం

ఇది మాత్రం వద్దు, దయచేసి వద్దు, వాట్సాప్‌లో తిరిగే లెక్కలన్నీ ఇట్లాంటివే. ఆర్యభటుడు భూమి వ్యాసం 1050 యోజనాలన్నాడు, సూర్యసిద్ధాంతంలో 1600 అని ఉంది, భాస్కరాచార్యుడు 1581 చిల్లర అన్నాడు. ఇప్పటి సగటు వ్యాసం 12,742 కి.మీ. తీసుకుని భాగిస్తే ఒకరి యోజనం 12.1 కి.మీ., ఇంకొకరిది 8 కి.మీ. వస్తుంది. తర్వాత ఆ యోజనాన్నే తీసుకెళ్ళి "చూశారా వ్యాసం ఎంత కరెక్ట్‌గా చెప్పారో" అంటారు. మనమే జవాబు లోపల పెట్టి మనమే బయటికి తీస్తున్నాం, గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాం. ఆర్యభటుడే తన యోజనం 8000 మనుషుల ఎత్తు అని చెప్పాడు, ఎత్తు అంటే 96 అంగుళాలు, పైన చెప్పిన 1.9 సెం.మీ. అంగుళం వేస్తే యోజనం 14.6 కి.మీ. వస్తుంది, దానితో గుణిస్తే వ్యాసం 15,300 కి.మీ. దాకా పోతుంది. ఆ కాలంలో అంత దగ్గరికి రావడమే గొప్ప, ఆ గొప్పతనం చూపించడానికి మనం లెక్కని వంచక్కర్లేదు. గ్రీకుల దూరం కొలత స్టేడియం విషయంలోనూ ఇదే తగాదా, 157 మీటర్లా 185 మీటర్లా అని, అక్కడ కూడా ఎరటోస్తనీస్ భూమి కొలత కరెక్ట్ అవ్వాలనే ఆశతో చిన్న విలువ వైపు మొగ్గేవాళ్ళు ఉన్నారు.

నిలబడి ఉన్న రాళ్ళు, మినార్లు

ఇది నమ్మకమైన దారి, కానీ దాని హద్దు తెలుసుకుని వాడాలి. అక్బర్ లెక్కలో కోసు అంటే 5000 ఇలాహీ గజాలు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు భూముల లెక్క కోసం ఆ గజాన్ని 33 ఇంచులుగా ఖాయం చేశారు, దాన్ని బట్టి కోసు 4.19 కి.మీ. వస్తుంది. ఇది కాగితం మీది మాట. నేల మీద చూస్తే ఆగ్రా, ఢిల్లీ, లాహోర్ దారిలో కోస్ మినార్లు ఉన్నాయి, కోసుకొకటి. 19వ శతాబ్దంలో ఆ మినార్ల మధ్య దూరాలు కొలిచి సగటు తీస్తే 2 మైళ్ళ 4 ఫర్లాంగుల 158 గజాలు వచ్చింది, అంటే 4558 ఇంగ్లీషు గజాలు (3 అడుగులవి, ఇలాహీవి కాదు), ఇప్పటి లెక్కలో 4.17 కి.మీ. కాగితం 4.19, నేల 4.17. ఇంత దగ్గరగా కలిసిన పాత కొలత ఇంకోటి చూడలేదు నేను, అది చూసిన రోజు నిజంగా సంతోషమేసింది.

అయితే అది మొఘల్ బాదుషాల పెద్ద రస్తా మీది కోసు. మా ముత్తాత బండి దారికి, గోల్కొండ సుల్తానుల కాలం దారికి దాన్ని ఎట్లా వేస్తాం? గోల్కొండ మొఘలుల చేతికి వెళ్ళిందే 1687లో. దానికి ముందు కాగితాల్లో కోసు అని కనపడగానే 4.19 వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, అక్కడే మొత్తం మ్యాపు సాగిపోతుంది. ఎంత సాగిపోతుందో మన ఊరి లెక్కతోనే చూద్దాం.

తెలిసిన రెండు ఊళ్ళతో కట్టుకోవడం, నా ఓటు దీనికే

టావెర్నియర్ అని ఫ్రాన్స్ నుంచి వచ్చిన వజ్రాల వర్తకుడు, 17వ శతాబ్దంలో గోల్కొండకి చాలాసార్లు వచ్చాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం తిన్నగా పోతే 100 కోసులని, కొల్లూరు వజ్రాల గని మీదుగా పోతే 112 కోసులని రాశాడు. రెండు చివర్లూ ఇప్పటికీ మనకి తెలుసు, గోల్కొండ కోట ఎక్కడికీ పోలేదు, మచిలీపట్నమూ పోలేదు. మ్యాపు మీద సరళరేఖ గీస్తే సుమారు 320 కి.మీ. ఇప్పటి రోడ్డు మీద సూర్యాపేట, విజయవాడ మీదుగా పోతే 350 దాకా. అంటే టావెర్నియర్ కోసు సరళరేఖ లెక్కకి 3.2 కి.మీ., రోడ్డు లెక్కకి 3.5 కి.మీ. అక్బర్ కోసు వేసి ఉంటే 419 కి.మీ. వచ్చేది, అంటే మచిలీపట్నం దాటి సముద్రంలోకి పోయేవాళ్ళం.

ఇంకో సంగతి ఇక్కడే ఉంది. టావెర్నియర్ తానే ఒక చోట కోసు అంటే మా దేశపు ఒక లీగ్ అన్నాడు, దక్షిణాదిలో గోస్ అని ఇంకో కొలత ఉంది అది నాలుగు లీగ్‌లు అన్నాడు (నాలుగు కోసులు ఒక ఆమడ అనే మన లెక్కతో ఇది సరిగ్గా కలుస్తుంది చూడండి). ఫ్రాన్స్‌లో అప్పుడు మామూలు లీగ్ అంటే 4.4 కి.మీ., పారిస్ లీగ్ అంటే 3.9 కి.మీ. ఆయన చెప్పిన నిర్వచనం పట్టుకుంటే కోసు 4 చుట్టుపక్కల ఉండాలి, ఆయన నడిచిన దారి పట్టుకుంటే 3.5. మరి ఏది నమ్మాలి? నేనైతే దారినే నమ్ముతా. నిర్వచనం ఆయన చదివేవాళ్ళకి అర్థం కావడానికి చెప్పిన పోలిక, 100 కోసులు అనేది బండ్లవాళ్ళు, కిరాయి తీసుకునేవాళ్ళు రోజూ వాడిన లెక్క, డబ్బులు ముడిపడిన లెక్క ఎప్పుడూ కొంచెం గట్టిగా ఉంటుంది.

ఆ 112 కోసుల మాట కూడా వదిలెయ్యకండి. కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళలో ఉంది, కృష్ణ ఒడ్డున. మ్యాపు మీద పెడితే గోల్కొండ నుంచి మచిలీపట్నానికి గీసిన గీత మీదే దాదాపు పడుతుంది, నాలుగైదు కి.మీ. పక్కకి అంతే. సరళరేఖల లెక్కలో ఆ గని మీదుగా పోయినా దూరం పెరగదు. మరి 12 కోసులు ఎందుకు పెరిగాయి? ఎందుకంటే ఆ రోజుల్లో కోసు అంటే నడిచిన దారి, వాగులు, గుట్టలు, కృష్ణ దాటే రేవు అన్నీ కలిపి. కాగితంలో కోసులు చూసి మ్యాపు మీద కంపాస్‌తో వృత్తం గీసేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి, మీ ఊరు ఆ వృత్తం మీద ఉండదు, లోపల ఎక్కడో ఉంటుంది. నేను మామూలుగా దారి దూరం నుంచి పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గించి చూస్తా, మైదానం అయితే తక్కువ, గుట్టలు నదులు ఉంటే ఎక్కువ.

రోజుల లెక్కలో, మజిలీల లెక్కలో చెప్పిన దూరాలకీ ఇదే పద్ధతి పనిచేస్తుంది. అదే టావెర్నియర్ కొల్లూరు గోల్కొండకి తూర్పుగా ఏడు రోజుల ప్రయాణం అన్నాడు. సరళరేఖలో 190 కి.మీ. దాకా ఉంటుంది, రోజుకి 27 అన్నమాట, దారి మీద 30 పైన. రావులకొండ అనే ఇంకో వజ్రాల గని అయిదు రోజులు అన్నాడు, ఆ లెక్కన 135 కి.మీ. చుట్టుపక్కల వెతకాలి అని ఒక అంచనా వస్తుంది. అంతే, అంచనానే. ఎడ్లకి, గుర్రానికి, పల్లకీకి ఒకే రోజు ఒకేలా ఉండదు కాబట్టి ఎవరు ఎట్లా ప్రయాణం చేశారో చూడకుండా ఈ లెక్క వాడొద్దు.

మా చిట్టాకి వస్తే అందులో పట్నం నుంచి భువనగిరి 14 కోసులు, చౌటుప్పల్ 15 కోసులు అని ఉన్నాయి. చార్మినార్ నుంచి రోడ్డు మీద ఒకటి 50 కి.మీ., ఇంకోటి 52 దాకా. భాగిస్తే 3.57, 3.47. మధ్యలో 3.5 పట్టుకున్నాం. టావెర్నియర్‌కీ మా ముత్తాతకీ మధ్య రెండొందల ఏళ్ళ పైన తేడా, ఒకరు ఫ్రెంచి వర్తకుడు ఇంకొకరు మిరపకాయల బండి తోలినాయన, ఇద్దరి కోసూ ఒకటే రావడం చూసి చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. 11 కోసులకి 38.5 కి.మీ. వచ్చింది. మా ముత్తాత అర కోసులు రాయలేదు, పూర్తి అంకెలే రాశాడు, అంటే ప్రతి లెక్కలో అటూ ఇటూ అర కోసు ఉంటుంది, కాబట్టి మేం 37 నుంచి 40 అని రాసుకుని ఆ ముక్కలోనే వెతకడం మొదలుపెట్టాం.

ఒక్క జాగ్రత్త. ఒకే ఒక్క జతతో కట్టొద్దు, కనీసం రెండు మూడు జతలు చూడండి. మొదలు ఎక్కడ పెట్టారో కూడా చూడాలి, పాత కాగితంలో హైదరాబాద్ అంటే చార్మినారా, గోల్కొండ కోటా, కార్వానా, లేకపోతే మచిలీపట్నం దారిలో హయత్‌నగర్ సరాయా? చార్మినార్ నుంచి హయత్‌నగరే 16 కి.మీ. దాకా ఉంటుంది, అంటే అక్కడే నాలుగు కోసుల పైన తేడా వచ్చేస్తుంది.

పాత టోపో షీట్ చేతికొచ్చాక అసలు ఇంకో రకం తిప్పలు

ఆ ముక్కలో వెతకడానికి మేం ఒక పాత సర్వే మ్యాపు సంపాదించాం, ఇంచ్‌కి మైలు స్కేల్‌ది, అందులో నిజంగానే ఒక పెద్ద బావి గుర్తు ఉంది. అక్షాంశ రేఖాంశాలు స్కేలు పెట్టి చదివి ఫోన్‌లో కొట్టి పొద్దున్నే బయల్దేరాం. ఫోన్ చూపించిన చోట పత్తి చేను తప్ప ఏమీ లేదు. చేను రైతు మమ్మల్ని చూసి జాలిపడి మంచినీళ్ళిచ్చాడు.

తప్పు మాదే. ఆ మ్యాపులు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల్లో కట్టిన ఒక నమూనా) మీద కట్టినవి, మన ఫోన్ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే ఇంకో నమూనా మీద నడుస్తుంది. రెండింటికీ భూమి ఆకారం వేరు, భూమి మధ్య బిందువూ వేరు. ఎవరెస్ట్ 1830 లెక్కలో భూమధ్యరేఖ వ్యాసార్ధం 6377276 మీటర్లు, డబ్ల్యూజీఎస్ 84లో 6378137 మీటర్లు. మధ్య బిందువు మూడు దిక్కుల్లో 295, 736, 257 మీటర్లు జరిగి ఉంటుంది, మన దేశానికి మామూలుగా వాడే విలువలివి. అన్నీ కలిపి హైదరాబాద్ చుట్టుపక్కల నేల మీద 180 మీటర్ల దాకా తేడా పడుతుంది, వాయవ్యం వైపు. మేం సరిచేసుకుని ఆ వైపు నడిచాం, తుమ్మచెట్ల మధ్యలో మెట్లబావి కనపడింది, సగం పూడిపోయింది గానీ రాతి తొట్టి ఇంకా అట్లనే ఉంది, ఎడ్లు నీళ్ళు తాగిన తొట్టి.

ఆ నమూనాకి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్‌కీ మన ఊరికీ సంబంధం ఉంది, అది చెప్పకుండా ఉండలేను. 1802లో మద్రాసులో లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే గొలుసులతో కొలుస్తూ ఉత్తరానికి వచ్చింది, 1815లో బీదర్ దగ్గర దామరగిద్దలో ఒక బేస్‌లైన్ (త్రికోణాల లెక్కకి ఆధారంగా నేల మీద కొలిచే గీత) కొలిచారు, జార్జ్ ఎవరెస్ట్ ఆ సర్వేలో లాంబ్టన్ కింద చేరింది హైదరాబాద్‌లోనే. మన కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో పనిచేస్తూ జ్వరంతో చావు అంచు దాకా పోయాడు ఆయన. ఇప్పుడు మన ఊళ్ళోనే హబ్సిగూడలోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో రాత్రీపగలూ నడిచే జీపీఎస్ స్టేషన్ ఉంది, హైడ్ అనే పేరుతో ప్రపంచ నెట్‌వర్క్‌లో భాగం అది. ఒకే ఊరు రెండు కొలతల చరిత్రలోనూ ఉండటం నాకు చాలా గర్వంగా అనిపిస్తుంది.

మరి ఎవరు ఏది చెయ్యాలి అంటే: 2005 మ్యాప్ పాలసీ తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ మ్యాపులు అయితే డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉంటాయి, ఏమీ మార్చక్కర్లేదు. అంతకుముందు షీట్ అయితే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో కల్యాణ్‌పూర్ డేటం (ఆ పాత మ్యాపుల అక్షాంశ రేఖాంశాలకి ఆధారమైన లెక్క) ఎంచుకుని మార్చుకోండి, చేత్తో కూడిక తీసివేత వద్దు. 19వ శతాబ్దపు మ్యాపు అయితే ఇంకా జాగ్రత్త, అప్పటి రేఖాంశాలు మద్రాసు అబ్జర్వేటరీ పాత విలువ మీద కట్టినవి, దాదాపు రెండున్నర నిమిషాలు ఎక్కువ ఉంటాయి, మన దగ్గర అది 4 కి.మీ. పైనే, ఇది మర్చిపోతే డేటం మార్చినా ఉపయోగం లేదు.

అడుగు విషయం కూడా కొంతమంది అడుగుతారు, ఇండియన్ ఫుట్ వేరు కదా అని. వేరే. ఒక లెక్కలో 0.30479841 మీటర్లు, 1975 నుంచి 0.3047995, అంతర్జాతీయ అడుగు 0.3048. మొదటిదానికీ చివరిదానికీ 100 కి.మీ.కి అర మీటరు తేడా. మీరు సర్వే స్తంభాలతో, పాత త్రికోణాల లెక్కలతో పనిచేస్తే ఇది కావాలి. కోసులతో పనిచేసేవాళ్ళు దీని జోలికే పోవద్దు, కోసులో వందల మీటర్ల తేడా ఉంటే అక్కడ మిల్లీమీటర్లు దిద్దడం దండగ.

దూరం లెక్క ఏ ఫార్ములాతో అంటే, గోళం అనుకుని చేసే హావర్‌సైన్ చాలు యాత్రికుల రాతలకి, తప్పు అర శాతం దాటదు. కాగితం కొలత దానికంటే బాగున్నప్పుడు, అంటే బేస్‌లైన్లు, సరిహద్దు రాళ్ళు లాంటివైతేనే ఎలిప్సాయిడ్ మీద విన్సెంటీ లెక్క వాడండి, ఎట్లాగూ సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది.

పొలం కాగితాలవాళ్ళకి విడిగా ఒక మాట, ఎందుకంటే నన్ను ఎక్కువ అడిగేది వాళ్ళే. గొలుసు అనే మాట చూసి మోసపోవద్దు. కోస్తా వైపు ఎఫ్‌ఎంబీల్లో (పొలం కొలతల పుస్తకాల్లో) గొలుసు అంటే 66 అడుగులు, 100 లింకులు, లింకు 7.92 ఇంచులు, అంటే 20.1168 మీటర్లు. బొంబాయి పద్ధతిలో కొలిచిన చోట గొలుసు 33 అడుగులు, 16 అణాలు, అంటే 10.0584 మీటర్లు. నిజాం రాజ్యంలో సర్వే బొంబాయి పద్ధతి మీదే నడిచింది. సరిగ్గా రెండింతలు తేడా ఇది. తెలుసుకోవడానికి సులువు దారి ఒకటుంది, కాగితంలో అణాలు కనపడితే 33, లింకులు కనపడితే 66, అయినా నమ్మకం కుదరకపోతే విస్తీర్ణంతో సరిచూడండి, 33 అడుగుల చదరం ఒక గుంట, 121 చదరపు గజాలు, 40 గుంటలు ఎకరం. భుజాలు గుణించి వచ్చిన గుంటలు పహాణీలో ఉన్న గుంటలతో కలిస్తే మీ గొలుసు కరెక్ట్. ఇక్కడ మాత్రం టేబుల్ విలువే వాడండి, ఊళ్ళతో కట్టడం, సగటు తియ్యడం ఏమీ వద్దు, ఎందుకంటే ఇవి ఇనుప గొలుసుతో నేల మీద పరిచి కొలిచినవి, కేకలతో కాదు.

ఇంక రాసేటప్పుడు. మార్చిన అంకె ఒక్కటే రాసి పాతది తీసేసేవాళ్ళు ఉన్నారు, అది చాలా నష్టం, రేపు ఇంకొకరికి ఇంకా మంచి జత దొరికితే మళ్ళీ లెక్క వేసే వీలుండదు. పాత అంకె, పాత పేరు అట్లనే ఉంచండి, పక్కన ఇప్పటి దూరం ఒక హద్దుతో రాయండి, దారి దూరమా సరళరేఖా చెప్పండి, దేనితో కట్టారో చెప్పండి. 11 కోసులని 38.5 అని రాస్తే చదివేవాడు ఆ అర కిలోమీటరు కూడా నిజమే అనుకుంటాడు. మేం చిట్టా ఫొటోలు తీసి ఫైల్ చేసేటప్పుడు ఆ పేజీ కింద ఇట్లా రాశాం: "సరాయి బావి, పట్నం నుంచి 11 కోసులు, అంటే దారి మీద 37 నుంచి 40 కి.మీ., ఇదే చిట్టాలోని భువనగిరి, చౌటుప్పల్ దూరాలతో కట్టిన లెక్క, కోసు 3.5 కి.మీ. బావి దగ్గర నిలబడి తీసుకున్న జీపీఎస్ రీడింగ్ వెనక పేజీలో, డబ్ల్యూజీఎస్ 84." చిన్నాయన దాని కింద తన సంతకం పెట్టి తారీఖు వేశారు.